కాడుగోడి కల్లు కేసు

మా చుట్టాల్లో నేనేం లాయరునో సరిగ్గా తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఏ పెళ్ళిలోనో కనిపిస్తే చాలు, "హత్య కేసులు చూస్తావుటగా!" అని కళ్ళు పెద్దవి చేసుకుని అడుగుతారు. చూస్తాను, అప్పుడప్పుడు. కానీ బెంగళూరులో నా రోజులు ఎక్కువగా గడిచేది లైసెన్సులు పోగొట్టుకున్నవాళ్ళతో. బొమ్మసంద్రలో రంగునీళ్ళు కాలవలోకి వదిలారని నోటీసు అందుకున్న ఫ్యాక్టరీ మేనేజరు, తూకంలో తేడా వచ్చిందని దుకాణం మూయించుకున్న కిరాణా వ్యాపారి, మందులు చల్లగా ఉంచలేదని బోనెక్కబోతున్న మెడికల్ షాపాయన, వీళ్ళంతా నావాళ్ళే. పొద్దున క్రిమినల్ కోర్టు, మధ్యాహ్నం ఏదో ఒక శాఖవారి ఆఫీసు వరండా. నల్లకోటు మాత్రం రెండు చోట్లా అదే. చెమట కూడా అదే.

ఈ రెండు రకాల క్లయింట్లకీ ఒక తేడా ఉంది. క్రిమినల్ కేసువాడు "నేనేం చెయ్యలేదు మేడమ్" అంటాడు. లైసెన్సు కేసువాడు "అందరూ చేసేదే కదా మేడమ్" అంటాడు. నా ప్రాక్టీసులో ఈ రెండూ కాకుండా "అవును, చేస్తాను, అయితే ఏమి?" అన్నది ఒక్కావిడే. ఆవిడ సంగతే ఇది.

ఆవిడకి కాడుగోడిలో, రైల్వే స్టేషనుకి దగ్గరగా, ఒక ఇడ్లీ అంగడి ఉంది. తాతముత్తాతల నాటి నుంచీ ఈ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపం వస్తే రెండూ కలిపి. ఒకరోజు పొద్దున్నే నా ఆఫీసుకి వచ్చింది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంది, చేతులు మాత్రం పహిల్వాను చేతులు. వచ్చీ రాగానే ఒక ఇంగ్లీషు నోటీసు నా బల్లమీద పెట్టి, "అంగడికి తాళం వేసేసినారు లాయరమ్మా. పిండి మీద కంప్లైంటు ఉండాదంట. ఏమి కంప్లైంటో చెప్పకుండా పోయినారు. ఏమి రాసినారో చూడు" అంది.

చదివాను. ఇడ్లీ పిండిలో కల్లు కలుపుతోందని ఫిర్యాదు! ఎవరో తెలుగు కుర్రాడు ఆవిడ అంగట్లో వీడియో తీసి ఫోన్లలోకి వదిలాడు. "మీ ఇడ్లీ ఇంత మెత్తగా ఎలా వస్తుంది ఆంటీ?" అని అతను అడగడం, "రహస్యమేమీ లేదప్పా, అంతా కల్లు మహిమ" అని ఈవిడ నవ్వుతూ చెప్పడం. లక్షలమంది చూశారట. అందులో ఒక మహానుభావుడు ఆహార భద్రతవాళ్ళకి ఫిర్యాదు పంపాడు. వాళ్ళు వచ్చి పిండి కాస్త సీసాలో పట్టుకుపోయి, విచారణ అయ్యేదాకా లైసెన్సు ఆపేశారు. ఈ వైపు కల్లు అమ్మడమే నిషేధం. అలాంటిది ఇడ్లీలో కలిపి పెట్టిందని తేలితే లైసెన్సు పోవడంతో ఆగదు, ఎక్సైజువాళ్ళు క్రిమినల్ కేసు పెడతారు. జైలు మాట కూడా వస్తుంది.

నేను గోదావరి వైపు పుట్టినదాన్ని. కల్లంటే నాకు తెలిసింది ఒక్కటే, తాటిచెట్టు మీంచి ముంతలో దిగేది. అందుకని తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాను.

"అక్కా, లాయరు దగ్గర దాపరికం పనికిరాదు. నిజం చెప్పండి. మీరు కల్లు వాడతారా?"

"వాడతాను. కల్లు లేకుండా ఇడ్లీ ఎట్లమ్మా?"

నా చేతిలో పెన్ను కింద పడింది. "ఎప్పట్నించీ?"

"మా అత్త కాలం నుంచీ."

"ఇప్పుడు కూడా ఉందా?"

"ఏంటికుండదు? అంగడి వెనక ఉండాది."

"దేవుడా! ఎంత ఉంటుంది?"

"పెద్దదమ్మా. నలుగురు మొగోళ్ళు పడితే గానీ కదలదు."

డ్రమ్ములకు డ్రమ్ములే ఉన్నాయన్నమాట. బెయిలు దరఖాస్తు ఎలా రాయాలా అని అప్పుడే లోపల వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఆవిడకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. పైగా గర్వంగా చెప్పుకుపోతోంది. "దినామూ నేనే కడుగుతాను. ఎవుర్నీ ముట్టుకోనివ్వను. మొన్న దానికి మోటారు కూడా పెట్టించినాను."

"కల్లుకి మోటారేంటక్కా?"

"మరి ఈ వయసులో చేత్తో ఎంతని తిప్పేది?"

అప్పుడు వెలిగింది నాకు. కన్నడంలో కల్లంటే రాయి! ఆవిడ చెప్పేది రుబ్బురోలు గురించి. ఈ ఊరి పాత తెలుగువాళ్ళు కన్నడం మాటలు ఇంట్లో మనుషుల్లా కలిపేసుకున్నారు. వాళ్ళకి ఇది కల్లు, తాగేది హెండ. మన కల్లు వాళ్ళ కల్లు కాదు. కుర్చీలో వెనక్కి పడి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. కాసేపటికి తేరుకుని నోటీసులో ఏముందో ఆవిడ భాషలో చెప్పాను.

ఆవిడ నవ్వలేదు.

"హెండనా?" అంది. "నా పిండిలో హెండ పోస్తానని రాసినారా?"

"పొరపాటక్కా. అరగంటలో తేల్చేస్తాను" అన్నాను, మహా ధీమాగా.

అరగంట కాదు కదా, అర్ధ నెలలో కూడా తేలలేదు. ప్రభుత్వం తరఫు లాయరు వరంగల్ వైపు ఆయన, మంచివాడే. ఆఫీసు వరండాలో ఆయన్ని పట్టుకుని విషయం చెబితే ఆయనా నవ్వాడు. నవ్వి, "నాకు నమ్మకమే మేడమ్, కానీ ఫైలు కదిలాక నా చేతుల్లో ఏముంది? వీడియోకి అధికారిక అనువాదం వచ్చింది, అందులో కల్లు అంటే మద్యం అని ఉంది. తెలుగు నిఘంటువు కూడా జత చేశారు. ల్యాబువాళ్ళు పిండి పులిసిందని రాశారు" అన్నాడు.

"ఇడ్లీ పిండి పులవక చక్కెర కేళీలా తియ్యగా ఉంటుందా సార్!" అని కయ్యిమన్నాను.

"నా మీద అరవకండి మేడమ్, నేనూ ఇడ్లీ తినే మనిషినే" అని ఆయనే ఒక దారి చెప్పాడు. తెలియక ఏదో పొరపాటు జరిగిందని ఆవిడ రాసి సంతకం పెడితే, చిన్న జరిమానాతో పోతుంది. ఎక్సైజు కేసు ఉండదు. సోమవారానికల్లా అంగడి తెరుచుకోవచ్చు. మా వృత్తిలో ఇలాంటి రాజీలు రోజూ జరిగేవే. పోరాడితే విచారణ ఎన్నాళ్ళు సాగుతుందో చెప్పలేం. అందాకా అంగడికి తాళమే. ఓడిపోతే జైలు మాట ఉండనే ఉంది. నాకు రాజీయే మంచిదనిపించింది. ఆవిడని పిలిచి అదే చెప్పాను, సంతకం ఒక్కటి పెట్టెయ్యమన్నాను.

ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. తర్వాత మెల్లగా అంది:

"మా ఆయన తాగి తాగి పోయినాడమ్మా. కాడుగోడంతా తెలుసు. నేను వీధిలో పోతా ఉంటే, అదో తాగుబోతు పెండ్లాం పోతా ఉండాది అనేవాళ్ళు. నా పేరు కూడా ఎవురూ పిలిచేవాళ్ళు కాదు. ఆ కల్లు ముందర కూర్చోని రుబ్బి రుబ్బి ఇడ్లీలక్కా అనిపించుకున్నాను. ఇప్పుడు చూడు, నోటీసు సంగతి తెలిసి మా వీధి పిల్లకాయలు హెండ ఇడ్లీ, హెండ ఇడ్లీ అంటా ఉండారు. నేనే తప్పు చేసినానని సంతకం పెడితే ఇంగ ఆ పేరు పోతుందా?"

అంగడి తెరిపించడమే పని అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆవిడకి తెరిపించుకోవాల్సింది వేరే ఉంది. "సంతకం వద్దక్కా, పోరాడదాం" అన్నాను. అన్నాక కాస్త భయమేసిన మాట నిజం.

ముందుగా ఆ వీడియో కుర్రాణ్ణి పిలిపించాను. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు గుంటూరు. భయంతో ముడుచుకుని కూర్చున్నాడు. "సీరియస్‌గా మేడమ్, కంప్లైంట్ ఇచ్చింది నేను కాదు. మా గుంటూర్లో కల్లంటే కల్లే మేడమ్. ఆంటీ అంత ఓపెన్‌గా చెప్తుంటే షాకయ్యాను. కంటెంట్ అదిరిపోయింది అనుకున్నా" అన్నాడు.

"వెనకాల ఏనుగంత రాయి తిరుగుతుంటే కనపళ్ళేదా నాయనా?"

"ఫ్రేమ్‌లో రాలేదు మేడమ్."

ఆ వెధవ ఫ్రేము! నాలుగు చీవాట్లు పెట్టి, విచారణకి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. సరేనని బుద్ధిగా తలూపాడు. పాపం, పిల్లాడు చెడ్డవాడేం కాదు.

ఇక ఆవిడ సంగతి. విచారణలో పొరపాటున కూడా కల్లు అనే మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పాను. "రాయి అనండక్కా. రాయి అంటే ఏ గొడవా లేదు." ఆవిడ మొహం చిట్లించింది. "రాయి అంటే వీధిలో కుక్కకి వేసేది కదమ్మా" అంది. బతిమాలాను. పోనీలే అని ఒప్పుకుని, నా ఆఫీసు మెట్లు దిగుతూ "రాయి, రాయి, రాయి" అని గొణుక్కుంటూ వెళ్ళింది.

విచారణ జరిగింది కోర్టులో కాదు, శాఖవారి ఆఫీసులో, ఫైళ్ళు గుట్టలుగా పడున్న ఒక గదిలో. అధికారి మైసూరు వైపు కన్నడిగుడు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న పెద్దమనిషి. తెలుగు మాట్లాడలేడు, వింటే ఏదో కాస్త తెలుస్తుంది. కంప్యూటర్లో వీడియో చూసి, కళ్ళజోడు తీసి, "కల్లు అంటోంది. కల్లే కదా. ఇందులో తప్పేముంది?" అని అడిగాడు ఇంగ్లీషులో.

వరంగల్ లాయరు లేచి, తెలుగులో దాని అర్థం వేరని నిఘంటువు చూపించాడు. ఆ గదిలో ఆవిడ కాక ముగ్గురం తెలుగువాళ్ళం ఉన్నాం, నేను, ఆ లాయరు, గుంటూరు కుర్రాడు. ఆవిడ తెలుగు మొదట మాలో ఎవరికీ అర్థం కాలేదు. తెలుగు రాని ఆ అధికారికి మాత్రం టక్కున అర్థమైపోయింది! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నాకు తెలుస్తోంది సరే, రికార్డులో ఏమని రాయను? ఆవిణ్ణే అడగండి" అన్నాడు అధికారి.

కుర్రాడు తన ముక్క చెప్పి కూర్చున్నాక ఆవిడ వంతు వచ్చింది. వరంగల్ లాయరు తెలుగులోనే అడిగాడు. "అమ్మా, ఇడ్లీ పిండికి మీరు ఏం వాడతారు?"

ఆవిడ నా వైపు చూసి, గొంతు సవరించుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు, "రాయి" అంది.

లోపల నమ్మకం ఉన్నా కేసు కేసే, ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా సార్! వీడియోలో కల్లు, ఇక్కడికి వచ్చేసరికి రాయి. మేడమ్ ట్రైనింగ్ బాగానే ఇచ్చారు."

నా తలకాయ్! చేజేతులా చెడగొట్టానే అనుకున్నాను. నేను లేవబోయేలోగా ఆవిడే చెయ్యి అడ్డంగా పెట్టింది.

"అవునప్పా, లాయరమ్మే చెప్పింది అట్ల అనమని. ఆయమ్మకు భయం. నా నోటికి ఆ మాట రాదు. నేను పుట్టినప్పటి నుంచీ కల్లు అంటానే ఉండాను."

"అంటే, వాడేది కల్లే."

"కల్లే."

"ఒప్పుకుంటున్నారన్నమాట."

"ఒప్పుకోడానికి ఏముందప్పా? ఇంత లావు కల్లు, దాచేస్తే దాగుతుందా?"

"సరే. కల్లు వల్ల మనిషికి హాని ఉందా, లేదా?"

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది. "కాలి మీద పడితే ఉండాది" అంది.

అధికారి దగ్గు వచ్చినట్టు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వరంగల్ లాయరు పట్టు వదల్లేదు. "అది కాదమ్మా, తాగితే ఏమవుతుంది?"

"కల్లు తాగేదేందప్పా!" ఆవిడ నిర్ఘాంతపోయింది. "పండ్లు రాలిపోవా?"

దాంతో అధికారి రుమాలు తీసేసి పకపకా నవ్వాడు. ఆయన నవ్వు చూసి టైపు చేసే అమ్మాయి, కుర్రాడు, చివరికి వరంగల్ లాయరు కూడా ఆగలేకపోయారు. నేనైతే బల్ల కిందకి వంగి పడని పెన్ను వెతుక్కున్నాను. నవ్వంతా అయ్యాక లేచి ఒక్కటే ప్రశ్న అడిగాను.

"అక్కా, ఈతచెట్టు నుంచి దించి తాగేదాన్ని మీ ఇంట్లో ఏమంటారు?"

"హెండ." ఆవిడ మొహంలో నవ్వు లేదు. "ఆ పేరు కూడా నా అంగట్లో ఎవుర్నీ ఎత్తనివ్వను."

ఇక చాలన్నాడు అధికారి. ల్యాబు రిపోర్టు ఎత్తి చూసి, "పులిసింది అని రాశారు. మా ఇంట్లో పులవకపోతేనే గొడవ" అని పక్కన పెట్టేశాడు. అక్కడికక్కడే ఉత్తర్వు ఇంగ్లీషులో చెప్పసాగాడు, అమ్మాయి టైపు చేస్తోంది. నేను లోపల గంతులేస్తున్నాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"ఏమంటా ఉండాడు?"

"గెలిచామక్కా! పిండిలో మద్యం కలిపినట్టు ఆధారాలు దొరకలేదు, లైసెన్సు తిరిగి ఇస్తున్నాం అంటున్నారు."

"దొరకలేదంటే? వెతికితే దొరకలేదనా, అసలుకే లేదనా?"

"చట్టానికి రెండూ ఒకటేనక్కా. ఊరుకోండి, గెలిచాం."

"మా వీధికి ఒకటి కాదు కదమ్మా" అంది.

గెలిచిన కేసులో మళ్ళీ లేచి నోరు విప్పే లాయరు ఈ భూమ్మీద ఉండడు. అధికారి మనసు మారితే కొంప మునుగుతుంది. మా సీనియరు చూస్తే నా కోటు లాగి కూర్చోబెట్టేవాడు. అయినా ఆవిడ పట్టుకున్న మోచెయ్యి నొప్పెడుతోంది, ఆ మాట ఇంకా నొప్పెడుతోంది. లేచాను. ఆధారాలు దొరకలేదని కాకుండా, ఆవిడ ఎన్నడూ మద్యం వాడలేదనే రాయమని వేడుకున్నాను. ఎందుకో కూడా చెప్పాను, ఆవిడ భర్త సంగతితో సహా. చెప్పొచ్చా అని కళ్ళతోనే అడిగితే ఆవిడ తలూపింది.

అధికారి వరంగల్ లాయరు వైపు చూశాడు. ఆయన లేచి, "మాకు అభ్యంతరం లేదు సార్. నిజం అదే కదా" అన్నాడు. ఆ క్షణాన ఆయన మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అధికారి ఆ వాక్యం కొట్టేయించి, ఈసారి ఆవిడకి అర్థమయ్యేలా కన్నడంలో, ఒక్కో మాటా నిలిపి చెప్పాడు. ఈమె వాడేది రుబ్బే కల్లు, ఈమె వంటలో హెండ ఏనాడూ లేదు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, నాకేం సిగ్గు లేదు.

తాళం తీసిన రోజు పొద్దున్నే కాడుగోడి వెళ్ళాను. తెల్లారకముందే పొయ్యి మీద ఇడ్లీలు పెట్టేసింది, వీధి మొదటికే ఆవిరి వాసన వస్తోంది. జనం రోడ్డు దాకా నిలబడున్నారు. ఆకలితో కొందరు, వేడుక చూడ్డానికి కొందరు. హెండ ఇడ్లీ అని ఏడిపించిన పిల్లకాయలు కూడా వచ్చి నక్కి నక్కి చూస్తున్నారు. గుంటూరు కుర్రాడు ఫోను పట్టుకుని ముందే ఉన్నాడు. జరిగిన నష్టానికి కొత్త వీడియో తీసి పెడతానని వాడే అడిగాడట. ఈసారి ఆవిణ్ణి తీసుకెళ్ళి, గిర్రున తిరుగుతున్న ఆ పెద్ద రుబ్బురోలు పక్కన నిలబెట్టి, అదంతా ఫ్రేములో పడిందో లేదో మూడుసార్లు చూసుకున్నాడు.

"ఆంటీ, ప్లీజ్, ఈసారికి రాయి అనండి. మళ్ళీ ఎవడో కంప్లైంట్ పెడతాడు" అని బతిమాలాడు.

ఆవిడ మోటారు ఆపింది. చేతులకున్న పిండి కొంగుకి తుడుచుకుని, ఫోన్లోకి కాకుండా వీధిలో నిలబడ్డవాళ్ళ వైపు తిరిగింది. తాగుబోతు పెండ్లాం అని ఒకప్పుడు అన్నవాళ్ళు కూడా వాళ్ళలో ఉండే ఉంటారు. రాతి మీద అరచెయ్యి వేసింది.

"ఇదప్పా కల్లు. మా ఆయన తాగింది హెండ. నేను తిప్పింది కల్లు."

కుర్రాడు మళ్ళీ రాయి అనమని బతిమాలలేదు. ఆవిడ మోటారు మళ్ళీ వేసింది.

"ఇంగ ఎవురికి ఎన్ని ఇడ్లీలో చెప్పండప్పా, చల్లారిపోతా ఉండాయి."